ఫిలియో దాచిన రెండు గంటలు

ఫిలియో నోట్లో నువ్వుగింజ నానదని గ్రీసులో సముద్రపు ఒడ్డునున్న మిహానియోనాలో అందరికీ తెలుసు. పొద్దున రొట్టెల కొట్లో ఆమె చెవిన పడ్డ కబురు మధ్యాహ్నానికి చేపల రేవు చేరేది, సాయంత్రానికి నడిసముద్రంలో పడవల మీద కూడా తిరిగేది. అలాంటి మనిషి ఒక్క మాటని పదమూడు నెలలుగా కడుపులో దాచుకుని తిరుగుతోంది. కూతురికి చెప్పలేదు. డాక్టరుకి చెప్పలేదు. పాపం ఒప్పుకుందామని చర్చికి వెళ్ళి, ఫాదర్ ముందు నిలబడి, ఉపవాసం నాడు జున్ను తిన్నానని చెప్పి తిరిగొచ్చేసింది.

ఆ మాట తెలిసిన మనిషి లోకంలో ఇంకొక్కడే ఉన్నాడు. ఆమె మొగుడు ప్రోద్రొమోస్. అతనికి మాట పడిపోయింది.

ఫిలియో అసలు పేరు త్రియాండఫిలియా. అంత పేరు పిలిచే ఓపిక ఎవరికీ లేక ఫిలియో అయింది. తాతముత్తాతలు సముద్రం అవతలి ఒడ్డు నుంచి మూటాముల్లెతో వచ్చి నిలబెట్టుకున్న ఊరు అది. పదమూడో ఏట నుంచి ఆలుచిప్పలు ఒలిచే షెడ్డులో పనిచేసింది. చేతులు చిప్పల మీదా, నోరు ఊరి మీదా. ఇరవై రెండో ఏట ప్రోద్రొమోస్ వచ్చి పెళ్ళి చేసుకుంటానంటే, "ఆ మూగమొద్దుతో ఎలా వేగుతావే?" అన్నారు షెడ్డులో ఆడవాళ్ళు. "ఇద్దరికీ సరిపడా నేను మాట్లాడతాలే," అంది ఫిలియో. అన్నమాట నిలబెట్టుకుంది కూడా.

ప్రోద్రొమోస్ మూగా కాదు, మొద్దూ కాదు. రేవులో వేలం వేసే మనిషి. వేలంపాట అంటాం గానీ ఆ రేవులో పాట ఉండదు. చేపల పెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అతని చెవి దగ్గర నోరు పెట్టి, తమ ధర గొణిగి వెనక్కి వెళ్తారు. ఎవరు ఎంతన్నారో అతనికి తప్ప మూడోకంటికి తెలియదు. అందరూ అయ్యాక అతను ఒక్క పేరు పైకి చెప్పి, చీటీ మీద రాస్తాడు. ఆ పెట్టెలు ఆ పేరుగలవాడివి, అంతే, వాదన లేదు. ముప్పైయొక్క ఏళ్ళు అతని చెవిలో పడ్డ అంకె ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు. నోటితో పాటు ముఖం కూడా మూసుకోవడం నేర్చాడు. కనుబొమ కదిలినా అవతలివాడు కనిపెట్టేస్తాడని భయం. ఆ పనిలో చేరిన కొత్తలో ఆ ముఖం చూసి ఫిలియో, "నీకు వంకాయ కూర నచ్చిందో లేదో తెలుసుకోవాలంటే నేనూ నీ చెవిలో అడగాలా?" అని ఏడిపించేది. అతను నవ్వేవాడు. పదమూడు నెలలుగా ఆ మూసిన ముఖమే ఆమెకి కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది.

ఇక అసలు సంగతి. ఫిలియో దిష్టి తీస్తుంది. ఊళ్ళో దిష్టి తీసేవాళ్ళు నలుగురైదుగురున్నా ఆమె చెయ్యి మంచిదని పేరు. మంత్రం మామగారు నేర్పాడు. దాన్ని మగాడు ఆడదానికి, ఆడది మగాడికి మాత్రమే చెప్పాలి. ఆడది ఆడదానికి చెబితే బలం పోతుందంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, వేలితో మూడు చుక్కలు నూనె వదిలి, లోపల్లోపలే మంత్రం చదువుతుంది. చుక్క చుక్కగా తేలితే ఏమీ లేనట్టు. నూనె చెదిరి మాయమైతే దిష్టి తగిలినట్టు. చదువుతున్నప్పుడు ఆమెకే ఆవులింతలు వస్తాయి. ఎంత ఆవులిస్తే అంత పెద్ద దిష్టి. పెళ్ళికూతుళ్ళు, పసిపిల్లలు, కొత్త పడవ కొన్నవాళ్ళు, అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

కిందటేడు జనవరిలో ప్రోద్రొమోస్ పేరు పండగ, అంటే అతని పేరున్న పునీతుడి పండగ, జరిగింది. ఇల్లంతా జనం. "అరవై రెండేళ్ళా! నలభై దాటాయంటే నమ్మను!" అని ఒకరు, "ఆ జుట్టు చూడండి, ఒక్కటి ఊడలేదు!" అని ఇంకొకరు. దిష్టి తగలకుండా ఒక్కరైనా తూ తూ అని ఉమ్మలేదు. అతిథులకి తీపి పళ్ళాలు అందిస్తూ ఫిలియో ఆ మాటలన్నీ విని లోపల్లోపల గొణుక్కుంది.

మర్నాడు పొద్దున ఏడింటికి అతను రేవు నుంచి నడిచొచ్చాడు. టోపీ తీసి రొట్టె మీద పెట్టాడు. కాఫీ ఇస్తే కప్పు వంక చూసి, "పడవ ఉడకలేదు," అన్నాడు.

"ఏంటీ?"

"పడవ... తలుపు కింద... అదేంటంటే..."

ఫిలియో నవ్వింది. తర్వాత అతను వరసగా మూడుసార్లు ఆవులించాడు. ముఖం తెల్లగా పాలిపోయింది. ఆమె నవ్వు ఆగిపోయి, నిన్న పొగిడిన నోళ్ళన్నీ గుర్తొచ్చాయి. "కూచో, కదలకు. నిన్ను తినేశారు నిన్న," అని పళ్ళెం తీసింది.

నూనె మూడు చుక్కలూ నీళ్ళలో పడీ పడగానే మాయమయ్యాయి. అంత దిష్టి ఆమె జన్మలో చూడలేదు. రెండోసారి తీసింది. మూడోసారి తీసింది. దవడలు నొప్పెట్టేలా ఆవులించింది. దిష్టి తీశాక కాసేపు పడుకోవాలని అతన్ని సోఫా మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, పక్కనే కూచుంది. అతను నిద్రపోలేదు. కళ్ళు తెరిచి ఆమెనే చూస్తూ ఉన్నాడు. తొమ్మిది దాటాక, ఆ పళ్ళెంలో నీళ్ళు మూడు గుక్కలు తాగించాలని గ్లాసు పెదాల దగ్గర పెట్టింది. నీళ్ళు కుడి మూల నుంచి కారి మెడ మీదుగా దిండులోకి పోయాయి. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఫిలియో అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు. "ఎప్పుడు మొదలైందండీ ఇది?"

"ఏడింటికి వచ్చి పడుకున్నాడు బాబూ. బాగానే ఉన్నాడు. తొమ్మిదిన్నరకి లేపితే ఇలా," అంది ఫిలియో. ఆ అబద్ధం ఎక్కడ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నాలుక మీద సిద్ధంగా ఉంది, అంతే.

"మెదడులో రక్తపు గడ్డ కరిగించే మందుకి ఒక గడువుంటుందండీ, స్కాన్ చూస్తే అది దాటిపోయింది. రెండు గంటల ముందు తెచ్చుంటే చూసేవాళ్ళం," అన్నాడు అతను. తిట్టలేదు. మామూలుగానే అని, వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఫిలియో లెక్క వేసుకుంది. సరిగ్గా రెండు గంటలు. పళ్ళెం ముందు కూచుని ఆవులించిన రెండు గంటలు.

కాలు కొంత తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు. మాట పోయింది. బుద్ధి ఎక్కడికీ పోలేదని, అన్నీ అర్థమవుతాయని, మాట దొరకదంతేనని డాక్టర్లు చెప్పారు. నోట్లో మిగిలినవి మూడే మూడు. "అదేంటంటే", మరియమ్మని తలిచే "పనయియా తల్లీ", ఆపైన రేవు భాషలో ఉన్న బూతులన్నీ. బూతులకి మాత్రం ఎక్కడా తడబాటు లేదు. ఉప్పు కావాలంటే తాళం అనేవాడు, కూతుర్ని అక్కా అని పిలిచేవాడు, తప్పు తెలిసి తనని తాను తిట్టుకునేవాడు.

వారానికి రెండుసార్లు మాట నేర్పే కేంద్రానికి ఫిలియోనే బస్సులో థెస్సలొనీకి పట్నానికి తీసుకెళ్ళేది. ఒక్క రోజు మానలేదు. అలాంటి భార్య ఉండాలంటే పెట్టి పుట్టాలని ఊళ్ళో వాళ్ళు అనేవారు. ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళంతా తేళ్ళు పాకేవి. ఎందుకంటే అతనికి ఒక్కో మాట తిరిగొస్తుంటే ఆమె కాళ్ళ కింద నేల ఒక్కో మెట్టు కుంగేది. మే నెలలో "ఉప్పు" వచ్చింది. కూతురు స్మారో చప్పట్లు కొట్టి, కేకు తెచ్చింది. ఫిలియో స్నానాలగదిలో తలుపేసుకుని కూచుంది. ఇవాళ ఉప్పు వచ్చింది. రేపు నూనె వస్తుంది. ఎల్లుండి పళ్ళెం. ఆ తర్వాత ఏదో ఒక ఆదివారం అందరూ బల్ల చుట్టూ ఉండగా అతను కూతురి వంక తిరిగి, "మీ అమ్మ..." అని మొదలుపెడతాడు. తను కట్టుకున్నవాడికి మాట రాకుండా ఉంటే బాగుండని అనుకుంటున్నానా, అని ఆమె తన్ను తానే అడుక్కునేది. జవాబు తెలిసి తనంటే తనకే అసహ్యం వేసేది.

శరత్కాలానికి "చెయ్యి" వచ్చింది. అది వచ్చాక కొత్త పద్ధతి మొదలైంది. సాయంత్రం భోజనాల దగ్గర అతను ఎడమచేత్తో చచ్చుబడ్డ కుడిచేతిని ఎత్తి చూపించేవాడు. తర్వాత గోడ మీది గడియారం చూపించేవాడు. "చెయ్యి... అదేంటంటే... నేను... చెయ్యి..."

"మందు వేళయిందా? ఇదిగో తెస్తున్నా," అని లేచిపోయేది ఫిలియో.

అతను బల్ల కొట్టి, ఒక పెద్ద బూతు కూసి, మళ్ళీ గడియారం చూపించేవాడు.

"చెయ్యి నొప్పా? నూనె రాస్తానుండు," అని తొందరలో అనేసి, నూనె అన్నందుకు నాలుక కొరుక్కునేది. వారం రోజులు చూసి గడియారం గోడ మీంచి తీసేసింది. స్మారో అడిగితే పాడైందంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆనక ఎవరు టైమెంతని అడిగినా ఆమె చేతిలో పని ఆగిపోయేది. గోడ మీద తెల్లటి గుండ్రం మిగిలింది. ప్రోద్రొమోస్ ఆ గుండ్రాన్నే చూపించడం మొదలుపెట్టాడు.

దిష్టి తీయడం కూడా మానేసింది. ఎదురింటి లెమోనియా మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది ఒకరోజు.

"వీడు రాత్రంతా ఒకటే ఏడుపు ఫిలియో. బాప్తిజం ఫోటోలు ఊరంతా చూశారుగా. కాస్త చూడు."

"మంత్రం మర్చిపోయాను లెమోనియమ్మా."

"మర్చిపోయావా! నా పెళ్ళిలో మా అత్త ఏ చెవికి ఏ పోగు పెట్టుకుందో గుర్తున్న దానివి, మంత్రం మర్చిపోయావా?"

"మొగుడితో సతమతమవుతున్నా. బుర్ర పనిచెయ్యట్లేదు."

"ఓసి నీ బుర్ర తగలడా, బుర్రతో కాదే, నూనెతో కదా తీసేది," అంటూ లెమోనియా పిల్లాణ్ణి భుజం మార్చుకుంది. "ఆ రోజు మీ ఆయనకీ తీసుంటే ఇంత జరిగేది కాదేమో. అంత పొగిడారు మరి పండగ నాడు. నువ్వేమో అందరికీ తీస్తావు, ఇంట్లోవాడికి తీయలేదు."

 ఫిలియోకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదీ చెయ్యకుండా తలుపేసింది.

ఫిబ్రవరిలో స్మారో ఫోన్ చేసింది. "అమ్మా, కేంద్రంలో మిర్సిని ఒక పరిశోధన చేస్తోందట. మాట పోయినవాళ్ళ బతుకు ఎలా ఉందో కొలుస్తారట. నాన్న పేరు ఇచ్చాను."

"ఏం కొలుస్తారు?"

"బతుకు ఎలా సాగుతోందో. ఇంట్లో, బయటా, మనసులో. నాన్నని అడుగుతారు, నిన్ను కూడా విడిగా అడుగుతారు."

"నన్నెందుకు?" అంది ఫిలియో.

మిర్సిని అతనికి మాట నేర్పే పిల్ల. ముప్పై దాటి ఉంటుంది, నెమ్మదస్తురాలు, ఫిలియోని మర్యాదగా 'కిరియా' అని పిలుస్తుంది. ఎవరు ఎంత సేపు మాట వెతుక్కుంటున్నా మధ్యలో అందించదు, కళ్ళార్పకుండా ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపు ఫిలియోకి మొదట్నుంచీ గిట్టదు. మంగళవారం వాళ్ళింటికి వచ్చి, వంటింటి బల్ల మీద ఫైలు తెరిచింది. ప్రోద్రొమోస్ బాల్కనీలో ఎండ కాచుకుంటున్నాడు.

"కిరియా ఫిలియో, దాదాపు నలభై ప్రశ్నలు. అన్నీ గడిచిన వారం గురించే. ఒక్కోదానికి అయిదు జవాబులున్నాయి. ఆయన అయితే ఏం చెప్తారని మీకు అనిపిస్తుందో అది చెప్పండి. మీ అభిప్రాయం కాదు."

"ఆయన అభిప్రాయం ఆయన ముఖం చూస్తే నీకేమైనా తెలిసిందా ఎప్పుడైనా? ముప్పైఆరేళ్ళ కాపురంలో నాకు తెలిసి చావలేదు."

మిర్సిని నవ్వింది. "మీకు తోచిందే చెప్పండి."

మొదటివి తేలిగ్గానే పోయాయి. మెట్లెక్కడం, చొక్కా గుండీలు, ఫోన్లో మాట్లాడటం. తర్వాత ప్రశ్నలు లోపలికి దిగాయి. తను వేరే మనిషినైపోయానని అనిపించిందా? రేపటి మీద ఆశ పోయిందా? ఇంట్లోవాళ్ళ మీద చిరాకు, కోపం వచ్చాయా?

ఫిలియో ఆగిపోయింది ఆ ప్రశ్న దగ్గర. "కోపమా? ఎవరి మీద?"

"ఇంట్లోవాళ్ళ మీద."

"ఎప్పుడూ. ఎప్పుడూ అని రాసుకో."

మిర్సిని రాసుకుంది. ఆ పిల్ల ముఖం కూడా రేవులో వేలం వేసేవాడి ముఖంలాగే ఏమీ చెప్పలేదు. ఫిలియో వేడి ఎక్కినదానిలా మిగతావన్నింటికీ అట్టడుగు జవాబే చెప్పుకుంటూ పోయింది. ఎప్పుడూ, ఎప్పుడూ, చాలా ఎక్కువ, ఎప్పుడూ. అయ్యాక మిర్సిని ఫైలు మూసి, "గురువారం ఆయన వంతు. మీరు బయట కూచోవాలి," అంది.

రెండు రాత్రులు ఫిలియోకి నిద్ర లేదు. ఒంటరిగా వదిలితే ఆ పిల్ల ఎదురుచూస్తుంది. ఎదురుచూస్తే అతను ఎలాగో ఒకలా చెప్తాడు. వేలితో చూపిస్తాడు, బొమ్మ గీస్తాడు. తర్వాత అది కాగితం మీదకెక్కుతుంది. కాగితం డాక్టర్లు చూస్తారు, స్మారో చూస్తుంది. 'మా నాన్నని ఇలా చేసింది నువ్వా?' అనే కూతురి గొంతు ఆమెకి ముందే వినబడుతోంది. ఆ తర్వాత ఏ ముఖంతో అతని పక్కన పడుకోవాలి? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ తన నోరు కట్టుకుంది. అతని చేతిని ఎలా కట్టేస్తుంది?

గురువారం మిర్సిని వచ్చేసరికి ఆమె అదృష్టమో ఏమో, ప్రోద్రొమోస్ తనే ఫిలియోని వదల్లేదు. ఎడమచేత్తో ఆమె స్వెట్టరు అంచు గుప్పిట పట్టి, పక్క కుర్చీ చూపించాడు.

"ఆవిడ ఉండాలా?" అంది మిర్సిని.

"అవును," అన్నాడు అతను. ఈ మధ్యే తిరిగొచ్చిన మాట.

మిర్సిని ఆ కుర్చీ దగ్గరికి జరిపింది. "సరే. కానీ కిరియా ఫిలియో, ఒక్క మాట మాట్లాడకూడదు. ఆయన తప్పు చూపించినా, తడబడినా, గంట పట్టినా. మాటిస్తారా?"

"ఇచ్చాను," అంది ఫిలియో. కాఫీ నిండా పోసుకున్న కప్పు మోచేతి దగ్గర పెట్టుకుంది. వ్యవహారం అటువైపు పోతే కప్పు ఒలకబోసైనా ఆపేద్దామని.

ప్రశ్నలు పెద్ద పెద్ద అక్షరాలతో, పేజీకి మూడు చొప్పున ఉన్నాయి. మిర్సిని చదువుతుంది, అతను అయిదు గడుల్లో ఒకటి వేలితో చూపిస్తాడు. మెట్లు: కొంచెం కష్టం. గుండీలు: చాలా కష్టం. ఫిలియో పెదాలు కదిలాయి, గుండీలు పెట్టేది తనే కనుక. ఆపుకుంది. ఆశ పోయిందా అంటే అతను చాలాసేపు ఆలోచించి, 'అప్పుడప్పుడు' చూపించాడు. ఫిలియో 'ఎప్పుడూ' అని చెప్పిన ప్రశ్న అది. ఇంట్లోవాళ్ళ మీద కోపం? అతను తలెత్తి, కనుబొమలు పైకి లేపి, నాలుక చప్పరించాడు. లేదు అని. వేలు పెట్టడం 'అసలు లేదు' మీద పెట్టాడు.

ఫిలియో కుర్చీలో కదిలింది. అబద్ధం. నా ముందు కదా, మొహమాటానికి చూపించాడు.

"మీ వల్ల ఇంట్లోవాళ్ళకి భారమైందని అనిపించిందా?" అని చదివింది మిర్సిని.

'ఎప్పుడూ.' ఆలోచించకుండా పెట్టాడు వేలు.

"మాట రాకపోవడం వల్ల ఇంట్లో మీ బతుకు చెడిందా?"

అతను వేలు గడుల మీద పెట్టలేదు. మిర్సిని చేతిలో పెన్ను తీసుకున్నాడు. కాగితం తిరగేశాడు. ఎడమచేత్తో వంకరటింకరగా ఒక గుండ్రం గీశాడు. గుండ్రం చుట్టూ చిన్న చిన్న గీతలు పెట్టాడు.

గడియారం.

ఫిలియో కప్పు వంక చూసింది. మోచెయ్యి దానంతటదే కదిలింది. కప్పు బోర్లాపడి కాఫీ బల్ల మీద పారింది. "అయ్యో, అయ్యో," అంటూ ఆమె లేచి గుడ్డ కోసం వెళ్ళబోయింది, కాగితం కూడా లాక్కుందామని చెయ్యి చాపింది. ప్రోద్రొమోస్ కాగితాన్ని పైకెత్తి, చుక్కలు దులిపి, ఆమెని ఒక్క బూతు తిట్టి, కుర్చీ చూపించాడు. ఆ బూతు ఎంత స్పష్టంగా ఉందంటే, ఫిలియో కూచుండిపోయింది.

"మాటిచ్చారు," అంది మిర్సిని, నెమ్మదిగానే.

ఫిలియో కళ్ళు మూసుకుంది. ఏడు గీస్తాడు, తర్వాత తొమ్మిది గీస్తాడు, తర్వాత పళ్ళెం గీస్తాడు. పెన్ను కాగితం మీద గీరుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఎవరూ మాట అందించలేదు. ఎవరూ తొందర చెయ్యలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ముప్పైఆరేళ్ళలో ఎరగదు.

"నాలుగా?" అంది మిర్సిని గొంతు.

ఫిలియో కళ్ళు తెరిచింది. చిన్నముల్లు నాలుగు మీద ఉంది. గడియారం కింద ఒక చేప. చిన్నపిల్లలు గీసే చేప.

"నాలుగింటికి. రేవులో?"

"అవును." అతను ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తాడు. పెన్నుని ఆ చచ్చుబడ్డ వేళ్ళ మధ్య దూర్చాడు. వదిలేశాడు. పెన్ను బల్ల మీద పడి దొర్లింది. మళ్ళీ దూర్చాడు. మళ్ళీ పడింది. "చెయ్యి," అన్నాడు. "నాలు... అదేంటంటే... చెయ్యి."

"నాలుగింటికి రేవులో మీ చేతిలోంచి పెన్ను జారిపోయింది."

"అవును, అవును!"

"ఎవరికైనా చెప్పారా?"

కనుబొమలు లేచాయి. లేదు. అతను చూపుడువేలు పెదాల మీద పెట్టుకున్నాడు. తర్వాత గుండె మీద కొట్టుకున్నాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. "నేను. నేను. పనయియా తల్లీ... నేను." ముప్పైయొక్క ఏళ్ళు మూసి ఉంచిన ముఖం అప్పుడు తెరుచుకుంది. కుడిపక్క కదలక, ఎడమపక్క మాత్రమే ఏడుస్తోంది.

ఫిలియోకి అర్థమవడానికి క్షణం పట్టింది. నాలుగింటికి. ఇంటికొచ్చిన ఏడింటికి కాదు, తెల్లవారుజామున నాలుగింటికే మొదలైంది. చెయ్యి పట్టు తప్పింది, చెవిలో పడుతున్న అంకెలు కలగాపులగమై ఉంటాయి. అంకెలు తప్పిన వేలంవాడికి మర్నాడు రేవులో చోటుండదు. అందుకని నోరు మూసుకుని, ముఖం మూసుకుని, పని ముగించి, ఏమీ ఎరగనట్టు ఇంటికి నడిచొచ్చాడు. తప్పు తనదని శరత్కాలం నుంచీ గోడ చూపించి చూపించి అతను చెప్పబోతుంటే, తను మందుసీసా తెచ్చి అడ్డం పెట్టింది. కోపం అసలు లేదు. భారం ఎప్పుడూ. ఆ ఒప్పుకోలు దారిలో అడ్డంగా కూచున్నది తనే.

"నేను రెండు గంటలు నూనె చుక్కలు వేస్తూ కూచున్నాను," అంది ఫిలియో. మాటిచ్చిన సంగతి మర్చిపోయింది. అంది మిర్సినితోనే, కళ్ళు మాత్రం అతని మీద. "డాక్టరుకి అబద్ధం చెప్పాను. నిద్రపోయాడన్నాను. నిద్రపోలేదు. నన్నే చూస్తున్నాడు. రెండు గంటలు నావి."

ప్రోద్రొమోస్ నాలుక చప్పరించాడు. మూడు వేళ్ళెత్తి, తన గుండెకేసి తిప్పాడు. మూడు గంటలు.

"రెండు," అంది ఫిలియో, తన రెండు వేళ్ళు అతని ముఖం మీదకి పెట్టి.

అతను మూడూ దించలేదు.

అప్పుడు వచ్చింది ఆమెకి కోపం. ఎక్కడ దాక్కుందో, పదమూడు నెలల భయం అడుగునుంచి ఒక్కసారి పొంగుకొచ్చింది. "మూడు గంటలా! చెయ్యి పడిపోతే మూడు గంటలు నిలబడి చేపలమ్మావా, గాడిదా? పక్కన యాభైమంది ఉన్నారు కదా, ఒక్కడి చెవిలో చెప్పలేకపోయావా? అందరూ నీ చెవిలో ఊదారు, నువ్వు ఒక్కడి చెవిలో ఊదలేకపోయావా? నేనేమో ఏడాదిపాటు తేలు కుట్టిన దొంగలా ఈ ఇంట్లో... గడియారం దాచి... నీ చొక్కా గుండీ పెడుతూ పెడుతూ నీ కళ్ళలోకి చూడలేక..." మాట పూర్తికాలేదు. అతని భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది. చరిచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

అతను ఏదో అనబోయాడు. "నువ్వు... అదేంటంటే... నువ్వు..." అని ఆగాడు. ఆమె మాట అందించలేదు. చాలాసేపు చూసింది. రాలేదు. అతను తల అడ్డంగా ఊపి, చెయ్యి ఎత్తేశాడు.

మిర్సిని తడిసిన కాగితాల్ని మెల్లగా విడదీస్తోంది. "ఇవాళ్టికి ఆపేద్దామా?" అంది.

"మంగళవారం నేను చెప్పిన జవాబులు మార్చొచ్చా? అన్నీ తప్పు చెప్పాను."

"మార్చకూడదండీ. ఆయన చెప్పినదానికీ మీరు చెప్పినదానికీ ఉన్న తేడా కూడా మేం కొలవాలి."

"కొలుచుకో అయితే. బాగా కొలుచుకో," అంది ఫిలియో. ముక్కు చీదుకుంది. మొగుడి వంక వేలు చూపించింది. "కానీ వీడికి మాటలు నేర్పు తల్లీ. తొందరగా నేర్పు. ఉప్పూ చెయ్యీ చాలవు, అన్నీ నేర్పు. వీడు నాకు ఎదురు చెప్పాలి. వీడితో నాకు పదమూడు నెలల పోట్లాట బాకీ ఉంది, నేనొక్కదాన్నే రెండువైపులా పోట్లాడలేను."